హోంవర్క్‌కు కాళ్లొచ్చిన శనివారం

మొన్న మా వాటర్ కలర్ క్లాసులో నా హోంవర్క్ లేచి నడిచింది. నవ్వకండి, ముందు టీ తాగండి, చల్లారిపోతుంది. మొన్న అంటే నిజానికి రెండు నెలలు దాటింది. కొంచెం పరువు కుదుటపడ్డాక చెబుదామని ఆగాను. అది ఎలాగూ కుదుటపడేలా లేదు కాబట్టి ఇవాళ చెప్పేస్తున్నాను.

నేను పెయింటింగ్ నేర్చుకుంటున్న సంగతి మీలో కొందరికి తెలుసు. మా అమ్మాయి పీయూసీ అయ్యాక బెంగళూరు హాస్టల్‌కు వెళ్తూ కలర్ బాక్సు ఇంట్లో వదిలేసింది. సగం రంగులు ముట్టుకోను కూడా లేదు. పారేయడానికి నాకు చేతులు రాలేదు. చింతామణిలో ఒక బట్టలంగడి మేడ మీద మేష్ట్రు ఒకాయన శనివారాలు క్లాసు చెబుతున్నారని తెలిసి, నలభై ఆరేళ్ల వయసులో వెళ్లి చేరాను. ఆయన హైస్కూల్లో డ్రాయింగ్ మేష్ట్రుగా చేసి రిటైరయ్యారు. కింద అంగడి ఆయన అన్నగారిది. మొత్తం ఆరుగురం, అందరం ఆడవాళ్లమే. నా పక్కన కూర్చునేది గీత, బస్టాండు దగ్గర బ్యూటీ పార్లర్ నడుపుతుంది.

మూడు నెలల్లో మేష్ట్రు నా బొమ్మల గురించి అన్న మాట ఒక్కటే. "నీళ్లు జాస్తి అయినాయమ్మా." మామిడికాయ వేస్తే నీళ్లు జాస్తి. కొండ వేస్తే నీళ్లు జాస్తి. ఒకసారి పట్టుబట్టి చెరువు వేశాను, దానికైనా ఊరుకుంటారేమోనని. ఊరుకోలేదు. గీత బొమ్మల్ని మాత్రం గోడకు పిన్ను చేసి అందరికీ చూపించేవారు. నాకేం కుళ్లు లేదు, ఉన్నా కొంచెమే.

ఇక ఇంటి సంగతి. మాది చింతామణి నుంచి మురుగమల్ల పోయే దోవలో ఊరు. మల్బరీ తోట, దాని పక్కనే పట్టుపురుగులు మేపే షెడ్డు. ఆ షెడ్డును మేము పురుగులిల్లు అంటాం. దాని తాళంచెవి మా మామ మొలతాడుకు వేలాడుతూ ఉంటుంది. ఆయనకు డెబ్బై నాలుగు. చుట్టుపక్కల అందరూ ఇప్పుడు చాకీ సెంటర్ నుంచి కాస్త పెరిగిన పురుగుల్నే తెచ్చుకుంటున్నారు. మామ ఒప్పుకోడు. గుడ్లే తెస్తాడు, తన చేతులతోనే పిల్లల్ని తీయిస్తాడు. గుడ్డును పిల్ల చేసేదే పనమ్మా, తక్కిందంతా మేత వేసేదే అంటాడు.

గుడ్లంటే విడిగా ఉండవు. దళసరి కాగితం మీద వరసగా సీసా మూతంత గుండ్రాలు, ఒక్కో గుండ్రంలో గసగసాలంత గుడ్లు వందలకొద్దీ అతుక్కుని ఉంటాయి. పిల్ల బయటికొచ్చే ముందు గుడ్డు నీలం తిరుగుతుంది. అంతకు రెండురోజుల ముందే కాగితాన్ని నల్లకాగితంలో చుట్టి చీకట్లో పెడతారు, తొందరపడేవీ బద్ధకించేవీ అన్నీ ఒకేసారి రావాలని. ఆ రోజు పొద్దున విప్పి వెలుతురు చూపిస్తే గంటలో బిలబిలా వచ్చేస్తాయి. ఒకరోజు ఆలస్యం చేశామా, చీకట్లోనే కొన్ని బయటికొచ్చి మేత లేక ఎండిపోతాయి, మిగిలినవి నీరసపడతాయి. ఏ రోజు విప్పాలో చెప్పేది కన్నే. ఊళ్లో వాళ్లంతా తమ గుడ్లు తెచ్చి మామకు చూపించి అడిగి వెళ్లేవాళ్లు.

అలాంటి మామ చేతిలో పోయిన పంట దెబ్బతింది. సగానికి సగం పిల్లలు రానే లేదు. మా ఆయన చాలా కోపంగా, ఈసారి గుడ్డు తప్పిందంటే ఇక చాకీ సెంటర్ పురుగే, తాళం నాకిచ్చేసి నువ్వు ఇంట్లో కూర్చో నాయనా అనేశాడు. మామ సరే అన్నాడు. ఆ మధ్యాహ్నం మజ్జిగన్నం సగంలో వదిలి లేచాడు. నేను కంచం తీస్తూ చూశాను.

కాబట్టి ఈ పంట మీద మామ తాళంచెవి ఆధారపడి ఉంది. అది తెలిసి కూడా నేను చేసిన పని వినండి.

ఆ వారం మేష్ట్రు ఇచ్చిన హోంవర్క్ చుక్కలు. బ్రష్షు మొనతో, కాగితాన్ని నొక్కకుండా, లేత నుంచి ముదురు వరకు చుక్కలు పెట్టాలి. ఒక పేజీ నిండా పెట్టుకు రమ్మన్నారు. నేను దగ్గుమందు సీసా మూత పెట్టి గుండ్రాలు గీసి, వాటి నిండా నీలంలో గోధుమరంగు కలిపిన బూడిదవన్నె చుక్కలు పెట్టాను. వరసకు ఐదు చొప్పున పది వరసలు. అలా ఎందుకు గీశానంటే నాకే తెలియదు. ఇరవై నాలుగేళ్లుగా ఈ ఇంట్లో చూస్తున్నది అదే, చెయ్యి దానంతటది అలా పోయింది. కాగితం కూడా దళసరి డ్రాయింగ్ కాగితం.

బొమ్మలు పాడవకుండా చుట్టుకోవడానికి మేష్ట్రు మా అందరితో నల్ల చార్టు కొనిపించారు. మామ గుడ్లు చుట్టడానికి నల్లకాగితం అడిగితే అందులోంచే ఒకటి ఇచ్చాను. గుడ్ల పొట్లం నడిమింట్లో చల్లటి మూల బల్ల మీద పెట్టాడు. బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు, చీమలెక్కకుండా. మా ఇంట్లో ఎవరూ చెయ్యి పెట్టని చోటు అదొక్కటే. అందుకని నా హోంవర్క్ కూడా నల్ల చార్టులో చుట్టి దాని పక్కనే పెట్టాను. నా తెలివి అంతటిది.

శనివారం పొద్దున బస్సు హారన్ వినబడుతోంది, నేనింకా జడ వేసుకుంటున్నాను. పరుగున వెళ్లి పొట్లం తీసుకుని బస్సెక్కాను.

క్లాసులో ఆ రోజు నీళ్లు తెచ్చే వంతు నాది. కొళాయి కింద అంగడి వెనకాల ఉంటుంది. పొట్లం బెంచీ మీద పెట్టి బకెట్ తీసుకుని దిగాను. అంగడాయన పలకరిస్తే చాలాసేపు మాటల్లో పడ్డాను. బకెట్ మోసుకుని పైకొచ్చేసరికి అందరూ కిటికీ దగ్గర గుమిగూడి ఉన్నారు. కిటికీ పక్క బోర్డుకు నా పొట్లంలోని కాగితం పిన్ను చేసి ఉంది. దాని మీద చక్కగా ఎండ పడుతోంది.

మేష్ట్రు వేలు చూపిస్తూ మెచ్చుకుంటున్నారు. ఈ చుక్కల్లో ఒకటి ఇంకోదాని లాగా లేదు చూడండి, అయినా అన్నీ ఒక కుటుంబంలా ఉన్నాయి, రంగు ఎంత పల్చగా, ఎంత నిబ్బరంగా పడిందో చూడండి అంటున్నారు. మూలలో గుడ్లు అమ్మిన కేంద్రం వాళ్ల ముద్ర ఉంటుంది. అది చూసి, సంతకం బదులు స్టాంపు కూడా చేయించుకున్నారు అన్నారు. ఆయన పుట్టి పెరిగింది బట్టలంగట్లో. పట్టుచీర తెలుసు, పట్టుపురుగు తెలియదు.

నాకు మాత్రం చూడగానే తెలిసింది. అది మామ గుడ్ల కాగితం. వెంటనే చెప్పాలి కదా. నోరు తెరిచాను కూడా. అప్పుడే మేష్ట్రు నా వైపు తిరిగి, "అనసూయమ్మా, ఇన్నాళ్లు మిమ్మల్ని నేను సరిగ్గా చూల్లేదమ్మా" అన్నారు.

మూడు నెలలండీ. మూడు నెలలు నీళ్లు జాస్తి విన్న మనిషిని. నోరు మూసుకున్నాను. ఒక్క నిమిషం, ఇంకొక్క నిమిషం అనుకున్నాను. గీత నా చెయ్యి పట్టుకుని ఇంత సన్నగా ఎలా పెట్టావక్కా అని అడిగింది. నేను జవాబు చెప్పాను. ఈ నోటితోనే, "ఓపిక ఉండాల గీతా" అన్నాను.

గీత మళ్లీ కాగితం వైపు తిరిగి దగ్గరగా వంగింది. "అక్కా, చుక్కలు కదుల్తాండాయి" అంది.

మంచి బొమ్మ కదిలినట్టే ఉంటుందమ్మా అని మేష్ట్రు సంతోషంగా ఒక గుండ్రం మీద వేలు పెట్టారు. వేలు తీశాక దాని మీద సన్నటి నల్లటి పోగు ఒకటి తల ఎత్తి అటూ ఇటూ చూస్తోంది. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని దాన్నే చూస్తూ ఉండిపోయారు. ఆ వెలుతురుకు గుండ్రం తర్వాత గుండ్రం లేస్తోంది. కొన్ని అప్పుడే బోర్డు మీదికి పాకుతున్నాయి.

అప్పుడు నిజం చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. ఇది నా బొమ్మ కాదు, మా మామ గుడ్లు, ఇవి పోతే ఆయన తాళం పోతుంది అని ఏదేదో అన్నాను. ఎవరికీ ఏమీ అర్థమై ఉండదు. కానీ మేష్ట్రు మారు మాట్లాడకుండా ముందు కిటికీ తలుపు వేశారు. నేను చెబుతూ ఉంటే అగరుబత్తి ఆర్పారు, పొగ తగలకూడదు కదా. సెంటు కొట్టుకొచ్చిన ఇద్దర్ని బయట వరండాలో నిలబెట్టాం. కాగితాన్ని మెల్లగా దించి బెంచీ మీద పరిచాం.

అప్పుడే పుట్టిన పురుగును చేత్తో పడితే చచ్చిపోతుంది. మామ కోడి ఈకతో తీస్తాడు. అక్కడ ఈక ఎక్కడ దొరుకుతుంది? మేష్ట్రు అల్మారా తీసి, ఎవర్నీ ముట్టుకోనివ్వని తన ఉడత వెంట్రుకల బ్రష్షు తెచ్చి నా చేతికిచ్చారు. తలా ఒక పొడి బ్రష్షు తీసుకున్నాం. పురుగులు బోర్డు మీద, పిన్ను మీద, ఒకటి మేష్ట్రు చొక్కా గుండీ మీద. ఒక్కోదాన్ని మొనతో, నొక్కకుండా ఎత్తి కాగితం మీదికి చేర్చాం. మేష్ట్రు నా వెనక నిలబడి చాలాసేపు నా చెయ్యి చూశారు. ఏమీ అనలేదు, తడి లేని పని అదొక్కటే మరి.

మేత కావాలి. మా ఆయనకు ఫోన్ చేశాను. ముందు మామ సంగతి అడిగాను, ఏం చేస్తున్నాడని.

"ఇప్పుడే నల్లకాగితం ఇప్పి చూసినాడు. గుడ్డు బ్రమ్మాండంగా ఉండాదంట. ఇంకా నీలం తిరగలేదంట, రేపు పొద్దున తెరుస్తాడంట. శానా సంతోషంగా ఉండాడు" అన్నాడు ఆయన.

నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే బెంచీ మీద పాకుతున్న పురుగుల వైపు చూశాను.

ఇంట్లో ఉన్నది నా హోంవర్క్. మామ దాన్ని విప్పి చూశాడు, చూసి గుడ్లన్నాడు. యాభై ఏళ్లుగా గుడ్లు చూసిన మనిషి. ముందు, సిగ్గు లేకుండా చెబుతున్నాను, నా బొమ్మ అంత బాగా వచ్చిందా అని ఒక్క క్షణం పొంగిపోయాను. తర్వాత అసలు సంగతి తట్టింది. మామకు కన్ను కనబడడం లేదు. పోయిన పంట ఎందుకు పోయిందో కూడా అప్పుడే అర్థమైంది. ఈ గుడ్లు ఇవాళ్టికే సిద్ధంగా ఉన్నాయి. ఇంట్లోనే ఉండుంటే రేపటి దాకా చీకట్లో మగ్గేవి.

లేత ఆకు కోసుకుని తొందరగా రా, మామకు మాత్రం చెప్పొద్దు అన్నాను. ఇరవై నిమిషాల్లో తడిగుడ్డలో ఆకు కట్టుకుని బైకు మీద వచ్చాడు. గీత పార్లర్‌కు పరిగెత్తి రెండు కత్తెర్లు తెచ్చి కొళాయి కింద కడిగింది. పెళ్లికూతుళ్ల జుట్టు కత్తిరించే ఆ కత్తెర్లతో మల్బరీ ఆకు సన్నగా తరిగింది. అలా తరగడం మా ఇంట్లో నాకూ రాదు. ఆకు చల్లగానే పురుగులన్నీ దాని మీదికి ఎక్కాయి. మేష్ట్రు వంగి, ఇంత చిన్నదానికి నోరెక్కడుందమ్మా అని అడిగారు.

కాగితాన్ని పళ్లెంలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పి, ఒళ్లో పెట్టుకుని బైకు వెనక కూర్చున్నాను. దోవలో మా ఆయనకు అంతా చెప్పాను. ఊరు దగ్గర పడ్డాక, నాయన్ను తాళం అడిగినందుకు సిగ్గుగా ఉండాది అన్నాడు. పొరపాటు నాదని మాత్రమే చెప్పాలని, మామ బొమ్మను గుడ్లనుకున్న సంగతి ఎత్తకూడదని అనుకున్నాం.

మామ పురుగులిల్లు గడప మీద కూర్చుని ఉన్నాడు. నేను పొట్లం మార్చి తీసుకుపోయానని, క్లాసులోనే పిల్లలు వచ్చేశాయని, అన్నీ బాగున్నాయని గబగబా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. ఆయన, "మరి ఇందాక నేను చూసిందేందప్పా?" అని కొడుకును అడిగాడు.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

మామ లేచి నడిమింట్లోకి వెళ్లాడు. నా పొట్లం విప్పి, ఈసారి కంటితో చూడలేదు, వేలితో తడిమాడు. గుడ్లయితే వేలికి గరుకుగా తగులుతాయి. కాగితం నున్నగా ఉంది. గుండ్రం తర్వాత గుండ్రం తడుముతూ చివరి దాకా వెళ్లాడు. తర్వాత అక్కడే కింద కూర్చున్నాడు.

"ఏడాది దాటింది అనసూయా. మంచు పట్టినట్టుండాది. చెప్తే తాళం తీసుకుంటారని చెప్పలేదమ్మా" అన్నాడు.

మూడుపూటలా అన్నం వడ్డించిన దాన్ని, ఉప్పు గిన్నె కోసం ఆయన చెయ్యి తడుముకోవడం చూసిన దాన్ని. వయసైందిలే అనుకున్నాను కానీ అడగలేదు. మామ మొలతాడు నుంచి తాళంచెవి విప్పి కొడుకు వైపు చాచాడు. మా ఆయన తీసుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని, ఆ తాళంచెవిని మళ్లీ మొలతాడుకే కట్టాడు. "నీ దగ్గరే ఉండనీ నాయనా. కన్ను చూపించుకో, అంతే సాలు" అన్నాడు.

ఆస్పత్రికి వెళ్లడానికి మామ ఒక షరతు పెట్టాడు. పురుగులు కట్టిన పట్టుగూళ్లు దించాకే వస్తానన్నాడు. ఆ నెలంతా ఆయనకు కన్ను నేనే. పొద్దున్నే పక్కన నిలబెట్టుకుని, పురుగు ఏ రంగుందో చెప్పమనేవాడు. తెల్లగా ఉంది మామా అంటే ఒప్పుకునేవాడు కాదు. ఏ తెలుపు, పాల తెలుపా, సున్నం తెలుపా, మజ్జిగ తేట తెలుపా అని అడిగేవాడు. మేష్ట్రు కూడా నాకు రంగులు అంత ఓపిగ్గా నేర్పలేదు. నేను చూసి చెప్పేదాన్ని, ఆయన విని ఇవాళ మేత తగ్గించు, రేపు ఎక్కువెయ్యి అనేవాడు. ఆ పంట గూళ్లు శిడ్లఘట్ట మార్కెట్‌కు తీసుకెళ్తే చూసినవాళ్లంతా ఎవరు మేపిందని అడిగారు. మా ఆయన, మా నాయన అని గట్టిగా చెప్పాడు.

నా హోంవర్క్‌ను ఏం చేశాననుకున్నారు? ఫ్రేము కట్టించి నడిమింటి గోడకు తగిలించాను. వచ్చిన చుట్టాలందరికీ చూపించాను. యాభై ఏళ్లు గుడ్లు చూసిన మా మామే దీన్ని నిజమైన గుడ్లనుకున్నాడని చెప్పుకున్నాను. కన్ను సంగతి మాత్రం చెప్పలేదు, అది ఇంటి విషయం కదా.

పోయిన వారం మామకు కుడికన్ను ఆపరేషన్ అయింది. పొర తీసేశారు. నల్లద్దాలు పెట్టుకుని ఇంటికొచ్చి, రెండురోజుల తర్వాత అద్దాలు తీసి మెల్లగా ఒక్కొక్కటే చూడడం మొదలుపెట్టాడు. మల్బరీ ఆకు ఈనెలు చూశాడు. కొడుకు ముఖం చూశాడు. నన్ను చూసి, నీకు తల నెరిసిందేమ్మా అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి. అలా చూస్తూ చూస్తూ గోడ దగ్గరికి వచ్చాడు. ఫ్రేము ముందు నిలబడ్డాడు. దగ్గరికెళ్లి చూశాడు, వెనక్కొచ్చి చూశాడు.

"ఇదేనా నేను గుడ్లనుకొనింది?" అన్నాడు.

"అవును మామా" అన్నాను. కాస్త గర్వంగానే అన్నాను.

మామ ఇంకా కాసేపు చూసి, తల అడ్డంగా ఊపాడు. "దీన్ని చూసి గుడ్లనుకొన్యానంటే, ఎప్పుడో పోయుండాల్సిందమ్మా ఆస్పత్రికి" అన్నాడు.

ఇంత లోకంలో నా బొమ్మను మనసారా నమ్మిన మనిషి ఒక్కడే. ఆయన్ను బతిమాలి, బెదిరించి, ఆస్పత్రికి లాక్కెళ్లి ఆపరేషన్ చేయించింది నేనే. ఎడమకన్నుకు వచ్చే నెల రమ్మన్నారు. ఆలోపల ఆ ఫ్రేము గోడ మీంచి దించేయాలి.